మీకు తెలుసా? తాడు కట్టుకున్నా నేల తగలొచ్చు!

పైకప్పు ఎక్కేటప్పుడు నడుముకు తాడు బిగించుకుంటే చాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. జారితే ఆ కుదుపంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. అందుకే పడేవారిని ఆపడానికి నడుము బెల్టు వాడటాన్ని అమెరికాలో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. భుజాలు, ఛాతీ, తొడల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్సే వాడాలి. అక్కడ ఇళ్ల నిర్మాణంలో 6 అడుగుల ఎత్తు నుంచే పడిపోకుండా రక్షణ తప్పనిసరి.

హార్నెస్ ఉన్నా లెక్క తప్పితే ముప్పే. హార్నెస్‌కు తగిలించే లాన్యార్డ్ తాడు 6 అడుగులు. కుదుపును మింగే కుట్లు విడిపోతూ మరో మూడున్నర అడుగులు సాగుతుంది. కొక్కెం తగిలించేది వీపు పైభాగాన. అక్కడి నుంచి కాళ్ల దాకా మరో 5 అడుగులు. హార్నెస్ సాగడానికి 1, జాగ్రత్త కోసం 3. వెరసి తాడు కట్టిన చోటు నుంచి పద్దెనిమిదిన్నర అడుగులు! ఒంటి అంతస్తు ఇంటి చూరు పదడుగులకు అటూ ఇటూ ఉంటుంది. అంటే తాడు ఆపేలోపే మనిషి నేలను తాకుతాడు. అలాంటిచోట పడగానే బిగుసుకునే సెల్ఫ్ రిట్రాక్టింగ్ తాడో, చూరు దాటనివ్వని పొట్టి తాడో కావాలి.

తాడు కట్టే యాంకర్‌ను పైకప్పు చెక్కకు కాదు, దాని కింది దూలానికి బిగించాలి. ఒకసారి మనిషిని ఆపిన లాన్యార్డ్‌ను మళ్లీ వాడకండి. మన దగ్గర కొనేవారు హార్నెస్ మీద ఐఎస్ 3521 ముద్ర చూసే తీసుకోండి.