పాలారు లోయలో తోళ్ళ పరిశ్రమ: జలకాలుష్యము, ప్రజారోగ్యము

క్షీరనది యని ప్రసిద్ధిగాంచిన పాలారు కర్ణాటకమున నందిదుర్గపు కొండలయందు పుట్టి, చిత్తూరు జిల్లాలోని కుప్పము సీమను దాటి తమిళనాడున ప్రవేశించుచున్నది. దాని మొత్తము నిడివి 348 కిలోమీటర్లు. అందులో 93 కిలోమీటర్లు కర్ణాటకమునను, 33 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశమునను, తక్కిన 222 కిలోమీటర్లు తమిళనాడునను గలవు. వానియంబాడి, ఆంబూరు, రాయవేలూరు, రాణిపేట, ఆర్కాటు ఈ నదిని ఆశ్రయించి పెరిగిన పట్టణములు. గుడియాత్తము దీని ఉపనదియగు కౌండిన్య తీరమున నున్నది. ఆ కౌండిన్యయు పలమనేరు అడవుల వైపునుండి దిగివచ్చునదియే. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా వేరుపడువరకు ఈ సీమలో పెక్కుభాగము ఉత్తరార్కాటు అను ఒక్క జిల్లాగా నుండెను. కావున ఇచ్చటి నీటి కథ ఈ పట్టణములందు తరతరములుగా నివసించు తెలుగు కుటుంబముల కథయు నగును.

పాలారు ఏడాది పొడుగునను పారు నది కాదు. వరదకాలమున తప్ప తక్కిన దినములలో ఇసుకయే కానవచ్చును. నీరంతయు ఆ ఇసుక క్రిందను, దాని ప్రక్కనున్న పొలముల క్రిందను దాగియుండును. త్రాగుటకైనను, సేద్యమునకైనను జనులు నమ్ముకొన్నది బావులనే. పైకి పారు ఏటిలో మలినము పడినచో ఒక వరదతో కొంతయైనను కొట్టుకొనిపోవును. భూగర్భ జలమున పడిన మలినము అట్లు పోదు. ఈ భేదమును గ్రహించినగాని ఈ ప్రాంతపు సమస్య బోధపడదు.

తంగేడు పట్టనుండి క్రోమియమునకు

పచ్చితోలు కుళ్ళకుండ నిలువజేయు విద్య ఈ సీమకు క్రొత్తది కాదు. పూర్వము తంగేడు పట్ట, కరక్కాయ మున్నగు వృక్షపదార్థముల కషాయములలో తోళ్ళను వారముల తరబడి నానవేసి పదును చేయుచుండిరి. ఆ నీరును మురికిదే, దుర్గంధము గలదే. అయినను అందలి మలినములలో అధికభాగము కాలక్రమమున మట్టిలో జీర్ణమగునట్టివి.

ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వోక్లాఁ 1797లో క్రోమియమను లోహమును కనుగొనెను. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున దాని లవణములతో తోలు పదును చేయు పద్ధతులు వెలువడినవి. వారముల పని దినములలో ముగియుటయు, తోలు మెత్తగను వేడికి ఓర్చునదిగను వచ్చుటయు ఆ పద్ధతికి వ్యాప్తిని కల్గించినవి. 1970ల నుండి భారత ప్రభుత్వము పచ్చితోళ్ళ ఎగుమతిని అరికట్టి, సిద్ధమైన తోలు ఎగుమతిని ప్రోత్సహించుటతో వానియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణిపేటలందు క్రోమియము వాడకము మిక్కిలి పెరిగెను. వీనిలో పేర్ణాంబట్టు ఇటీవలి వరకు గుడియాత్తము తాలూకాలోని పట్టణమే. ఈ పరిశ్రమ వేలకొలది కుటుంబములకు కూడు పెట్టినది. దేశమునకు విదేశీద్రవ్యమును తెచ్చినది. ఈ మేలును ఎవ్వరును కాదనరాదు.

అయితే ఒక కిలోగ్రాము తోలును పదును చేయుటకు సుమారు 30 నుండి 40 లీటర్ల నీరు వ్యయమగును. సాధారణ పద్ధతిలో తొట్టిలో పోసిన క్రోమియములో 60 నుండి 70 శాతము మాత్రమే తోలునకు పట్టును. మిగిలినది మురుగునీటితో వెలికి పోవును. దీనికి తోడు పచ్చితోలు చెడకుండ చల్లిన ఉప్పు, వెండ్రుకలు ఊడుటకు వాడు సున్నము, సల్ఫైడు కూడ ఆ నీటిలోనే చేరును.

ఒక లోహము, రెండు స్వభావములు

క్రోమియమునకు ప్రధానముగ రెండు రూపములు గలవు. ఒకటి త్రిసంయోజక క్రోమియము. మరియొకటి షట్సంయోజక క్రోమియము. తోలు పదునుకు వాడునది మొదటిది. అది నీటిలో సులభముగ కరగక మట్టిని పట్టుకొని యుండును. జీవకణములలోనికి అంతగా చొరలేదు. రెండవది నీటిలో తేలికగ కరగి, బావినుండి బావికి నడచును. దాని నిర్మాణము శరీరమునకు అవసరమగు సల్ఫేటు నిర్మాణమును పోలియుండుటచే కణద్వారములు దానిని మిత్రునిగ భ్రమించి లోనికి రానిచ్చును. లోనికి వచ్చిన పిదప అది క్రమముగ త్రిసంయోజక రూపమునకు మారుచు, ఆ మార్పులో కణమునందలి వంశానుగత ద్రవ్యమును గాయపరచును.

"మేము వాడునది నిరపాయమైన క్రోమియమే కదా" యని కొందరు పలుకుదురు. ఆ మాటలో సగము నిజము గలదు. మిగిలిన సగమును నేల నిర్ణయించును. మట్టిలో మాంగనీసు ఆక్సైడులు ఉన్నచోట త్రిసంయోజక క్రోమియములో కొంతభాగము షట్సంయోజక రూపమునకు మారవచ్చును. సేంద్రియ పదార్థము, ఇనుము హెచ్చుగ నున్నచోట దీనికి విపరీతముగ విషరూపము నిరపాయరూపముగ మారును. కాబట్టి తొట్టిలో ఏమి పోసితిమన్న ప్రశ్న చాలదు. బావిలో ఏమి తేలినదన్న ప్రశ్నకు సమాధానము కావలెను.

రాణిపేటలో ఈ మార్పుకొరకు వేచియుండు పనియే లేకపోయెను. అచ్చటి తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అను కర్మాగారము 1970ల నుండి 1990ల మధ్యభాగము వరకు సోడియం బైక్రోమేటును తయారుచేసెను. అది మూతపడునప్పటికి లక్షన్నర టన్నులకు మించిన క్రోమియపు వ్యర్థము అచ్చటనే గుట్టగ మిగిలెను. ఇందలి షట్సంయోజక క్రోమియము వాననీటితో కరగి నేలలో దిగినది. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ అను అమెరికా సంస్థ ప్రకటించిన, ప్రపంచమున అత్యంత కలుషితమైన పది స్థలముల పట్టికలో రాణిపేట పేరు చోటుచేసుకొనెను.

ఆరోగ్యమునకు కలుగు హాని

క్రోమేటు కర్మాగారములలో పనిచేయువారి ముక్కుదూలమునకు రంధ్రము పడుట, చేతులపై మానని పుండ్లు ఏర్పడుట పందొమ్మిదవ శతాబ్దినుండి వైద్యులెరిగినదే. క్రోమేటు ధూళిని పీల్చిన కార్మికులలో ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగ నుండుటను పెక్కు దేశముల పరిశీలనలు నిర్ధారించినవి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1990లో షట్సంయోజక క్రోమియమును మానవులకు క్యాన్సరు కల్గించు పదార్థముల మొదటి వర్గమున చేర్చెను. త్రిసంయోజక క్రోమియమును ఆ వర్గమున చేర్చలేదు.

పీల్చుట వేరు, త్రాగుట వేరు. త్రాగిన నీటిలోని షట్సంయోజక క్రోమియమును కడుపులోని ఆమ్లము కొంతవరకు నిరపాయరూపమునకు మార్చును. అది సంపూర్ణ రక్షణ యగునా యన్న విషయమును అమెరికా జాతీయ విషపదార్థ పరిశీలన కార్యక్రమము వారు రెండు సంవత్సరములు జంతువులపై పరిశీలించిరి. 2008లో వారు వెలువరించిన ఫలితముల ప్రకారము, అధికమోతాదులో ఆ నీటిని త్రాగిన పెద్ద ఎలుకలకు నోటిలోను, చుంచెలుకలకు చిన్నప్రేవులలోను కంతులు పుట్టినవి. జంతువులకిచ్చిన మోతాదు సాధారణముగ మనుష్యులు త్రాగునదానికంటె పెక్కు రెట్లు హెచ్చు. కనుక ఒక బావి నీరు త్రాగినవారందరికిని వ్యాధి వచ్చునని దీని తాత్పర్యము కాదు. ఎన్ని సంవత్సరములు, ఎంత మోతాదు, ఏ వయస్సు అను మూడింటిపై ప్రమాదము ఆధారపడియుండును.

భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో మొత్తము క్రోమియము లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు మించరాదు. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో షట్సంయోజక రూపమునకు ప్రత్యేకముగ 0.01 మిల్లీగ్రాముల హద్దును విధించెను. కరిగిన లవణములకు మన ప్రమాణమున కోరదగిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు; వేరు నీరు లభింపని చోట 2000 వరకు ఓర్వవచ్చును.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి గలదు. లవణమును నాలుక పట్టుకొనును. ఉప్పనైన బావిని ఇల్లాలు తానే విడిచిపెట్టును. కాని హద్దును కొంత మించిన క్రోమియమును నాలుక గాని, కన్ను గాని, ముక్కు గాని పట్టజాలవు. తియ్యగనున్న బావి నిర్దోషమని నమ్ముటయే ఈ సీమలో అన్నింటికంటె పెద్ద పొరపాటు. కాచి త్రాగిన చాలునన్న నమ్మికయు సరికాదు. కాచుటచే సూక్ష్మజీవులు చచ్చును గాని లోహము నశింపదు. నీరు ఆవిరియైపోయినకొలది దాని పాలు మరింత హెచ్చును.

కార్మికుల ప్రమాదములు వేరు. సల్ఫైడు కలసిన మురుగునకు ఆమ్లము తగిలినచో ప్రాణాంతకమగు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుట్టును. రక్షణ లేక గుంతలలో దిగినవారు క్షణములలో కుప్పకూలుదురు. 2015 జనవరి 31న రాణిపేటలో ఉమ్మడి శుద్ధికేంద్రపు మడ్డితొట్టి గోడ కూలి 10 మంది కార్మికులు మరణించిరి.

న్యాయస్థానమున శాస్త్రము

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వేలూరు పరిశోధన కేంద్రము జరిపిన పరిశీలనలో, తోళ్ళ పరిశ్రమగల ప్రాంతమున సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పాక్షికముగ గాని పూర్తిగ గాని సేద్యమునకు పనికిరాకుండ పోయినదని తేలెను. వేలూరు పౌరసంక్షేమ వేదిక 1991లో దాఖలుచేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ పరిశీలనను గ్రహించి, 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పెను. హాని సంపూర్ణముగ రుజువగువరకు ఆగక ముందుగనే జాగ్రత్త వహింపవలెననియు, కలుషితము చేసినవాడే దాని మూల్యము చెల్లింపవలెననియు గల రెండు సూత్రములు దేశపు చట్టములో భాగములని ఆ తీర్పు ప్రకటించెను. దేశమునందలి పర్యావరణ వ్యాజ్యములన్నింటికిని వేలూరు పేరు ఆనాటినుండి ప్రమాణమైనది.

తీర్పు ననుసరించి ఏర్పడిన ప్రాధికార సంస్థ 2001లో 547 టానరీలనుండి 26.82 కోట్ల రూపాయలు వసూలుచేసి బాధితులకు పంచవలెనని నిర్ణయించెను. ఆ పరిహారమును గూర్చిన వివాదము అంతటితో ముగియలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మరల జోక్యము చేసికొని, మిగిలిన బాధిత కుటుంబములకు పరిహారము చెల్లింపవలెననియు, విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన సంఘమునేర్పరచి పాలారు పునరుద్ధరణను పర్యవేక్షింపవలెననియు ఆదేశించెను. మొదటి వ్యాజ్యమునకును ఈ ఆదేశమునకును నడుమ ముప్పదినాలుగు వత్సరములు గడచినవి.

నివారణ మార్గములు

1948లో మదరాసున స్థాపితమైన కేంద్ర చర్మపరిశోధన సంస్థకు తెనాలి ప్రాంతపు యలవర్రులో జన్మించిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగ నుండెను. ప్రయోగశాలను టానరీ వాకిటికి తెచ్చిన ఘనత ఆయనది. తరువాతి కాలమున ఆ సంస్థ, మిగిలిన క్రోమియమును మురుగునుండి తిరిగి రాబట్టుటకును, నీరు లేకయే క్రోమియమును తోలునకు పట్టించుటకును పద్ధతులను రూపొందించెను. ఉమ్మడి శుద్ధికేంద్రములు వెలసినవి. మురుగును వడపోసి నీటిని మరల వాడుకొను ఏర్పాటులును వచ్చినవి. అయినను వడపోతలో మిగులు ఉప్పును ఎచ్చట దాచవలెనన్న చిక్కు పూర్తిగ తీరలేదు.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పాలారు ఎగువభాగపు భూగర్భ జలములలో మలినము నడచు తీరును గణితనమూనాలతో లెక్కించి, 1990ల చివర ఫలితములను వెలువరించిరి. మలినపు రాకను సగమునకు తగ్గించినను, ఇరువది సంవత్సరములకు గూడ ఆ జలము తేరుకొనదని వారి లెక్కల సారాంశము. కర్మాగారపు తూమును ఒక్క దినమున మూయవచ్చును. నేలలో దిగినదానిని ఒక తరములోనైనను తోడివేయుట దుర్లభము. శాస్త్రము చెప్పిన ఈ మాటయే న్యాయస్థానము చెప్పిన ముందుజాగ్రత్త సూత్రమునకు పునాది.

వేలూరు, గుడియాత్తము ప్రాంతముల కుటుంబములు చేయదగినది అసాధ్యమేమియు కాదు. త్రాగునీటి బావిని గాని, గొట్టపుబావిని గాని ఏటికొకమారు, వర్షములకు ముందు, తమిళనాడు నీటి సరఫరా మండలి ప్రయోగశాలలో పరీక్ష చేయింపవలెను. లవణములతో పాటు క్రోమియమును గూడ పరీక్షింపుడని స్పష్టముగ కోరవలెను. హద్దు మించినచో ఆ నీటిని త్రాగుటకును వంటకును మానవలెను. ఫలితములను తేదీతో వ్రాసి భద్రపరచుకొనవలెను. 1996 నాటి తీర్పునకు బలమిచ్చినది కోపము కాదు, కొలతలు. వీధివీధిని కొలతలు నిలిచియున్నచో రేపటి పరిశోధకునకు ఆధారమును, రేపటి బాధితునకు సాక్ష్యమును ముందుగనే సిద్ధమైయుండును. సంఘములు ఈ పనికి పూనుకొనుట యుక్తము.