కత్తికీ కసరత్తుకూ నడుమ

నడుము పట్టుకొని మంచమెక్కిన మనిషిని చూడవచ్చిన ప్రతివారును తమవెంట ఒక వైద్యమును తెత్తురు. ఒకరు నువ్వులనూనె కాచి మర్దన చేయుమందురు. ఒకరు వావిలాకు కాపడము పెట్టుమందురు. మరియొకరు కటివస్తి చేయించుమందురు. పట్నమునుండి దిగిన బంధువు, ముందు ఎం.ఆర్.ఐ. తీయించి, డిస్క్ జారినచో కోయించుకొనుట మేలని చెప్పును. అందరి మాటలలోను ఎంతో కొంత అనుభవమున్నది. ఏది ముందు, ఏది పిమ్మట, ఏది అసలే వలదు అనునది మాత్రము రోగికి తెలియదు. చేతిలో ధనమున్నచో ఈ చిక్కు తీరునని పేదవాడు తలచును. ధనమే కాక, అధికారమును, ఆనాటి మేటి వైద్యుల సాయమును ఉండియు, 25 ఏండ్లకు పైగా ఈ చిక్కులోనే తిరుగాడినవారు అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ.

1937లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, ఫుట్‌బాల్ ఆటలో ఆయన వెన్ను దెబ్బతిన్నదని చెప్పుదురు. 1941లో సైన్యమున చేరబోగా వెన్ను బాగులేదని త్రోసివేసినారు. తండ్రి పలుకుబడితో నౌకాదళమున చోటు దొరికినది. 1943 ఆగస్టు 2వ తేదీన సాలమన్ దీవులవద్ద ఆయన నడపుచున్న పి.టి. 109 అను చిన్న పడవను జపాను యుద్ధనౌక ఢీకొని రెండుగా చీల్చినది. ఒడలు కాలిన ఒక నావికుని రక్షణచొక్కా పట్టీని పండ్లతో కరచి పట్టుకొని, గంటలకొలది ఈది, కెన్నెడీ అతనిని ఒడ్డు చేర్చినారు. కీర్తి వచ్చినది, నడుము మరింత చెడినది.

తొలి శస్త్రచికిత్స 1944 జూన్‌లో బోస్టనులో జరిగినది. జారిన డిస్క్ నరమును ఒత్తుటవలననే కాలిలోనికి నొప్పి దిగునని మిక్స్టర్, బార్ అను ఇరువురు అమెరికను వైద్యులు లోకమునకు తెలిపి అప్పటికి పదేండ్లే అయినది. కొత్త విద్యమీద మోజు జాస్తిగా ఉన్న దినములవి. వెన్ను తెరచిచూడగా అనుకొన్నంత దోషము కనిపించలేదు. నొప్పియు పోలేదు.

పదేండ్ల తరువాత సెనేటు సభ్యుడుగా ఆయన చంకకర్రల ఊతతో నడచుచుండిరి. వయస్సు 37 ఏండ్లు, పెండ్లియై ఏడాది. ఈ లోపల మరియొక జబ్బు బయటపడినది. అడ్రినల్ గ్రంథులు చెడిన అడిసన్ వ్యాధి ఆయనకు ఉన్నదని 1947లో తేలినది. అట్టి దేహము కత్తిపోటునుగాని, దానివెంట వచ్చు చీమునుగాని తట్టుకొనుట కష్టము. బోస్టను వైద్యులు వలదన్నారు. తండ్రి వలదన్నారు. చంకకర్రలతో బ్రతుకుటకంటె చావే మేలని కెన్నెడీ అన్నట్లు ప్రసిద్ధి. దీనిని తొందరపాటని కొట్టివేయుట సులభమే గాని, ఏండ్ల తరబడి రాత్రులు నిద్రలేనివాడు అపాయములను లెక్కవేయు తీరు వేరు. బాగుగా నిద్రించి లేచినవాడు అతనికి తీర్పరి కాజాలడు.

1954 అక్టోబరు 21న న్యూయార్కులో ఆయన వెన్ను అడుగుభాగమున లోహపు పలకను బిగించి, ఎముకలను ఒకటిగా అతికించు చికిత్స చేసినారు. కొన్ని దినములకే రోగము సోకి స్పృహ తప్పినది. మతాచార్యుని పిలిచి అంత్యకాలపు కర్మ జరిపించినారు. ప్రాణము నిలిచినది గాని గాయము మానలేదు. 1955 ఫిబ్రవరిలో ఆ పలకనే తీసివేయవలసివచ్చినది. మంచముమీద గడపిన ఆ మాసములలో రూపుదిద్దుకొన్న ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ గ్రంథమునకు 1957లో పులిట్జర్ బహుమానము లభించినది. ఆ శస్త్రచికిత్స వృత్తాంతమును వైద్యులు 1955లోనే ఒక వైద్యపత్రికలో ప్రకటించినారు. అందులో రోగి పేరు లేదు; 37 ఏండ్ల పురుషుడని మాత్రమే ఉన్నది. ఆ పురుషుడెవరో లోకమునకు చాలకాలమునకు గాని తెలియలేదు.

పిమ్మట జానెట్ ట్రావెల్ అను వైద్యురాలు చేయిపట్టినారు. బిగుసుకొన్న కండరములలో నొప్పి పుట్టు చోటులను వెదకి, అచట ప్రొకెయిను సూదిమందు వేయుట ఆమె పద్ధతి. ఎడమకాలు కొంచెము పొట్టియని కనిపెట్టి జోడు మడమ ఎత్తు చేయించినారు. పేరుపడిన ఆ ఊగుడుకుర్చీయు ఆమె సలహాయే. సూది వేసినంతసేపు హాయి. దాని బలము తగ్గగానే మరల సూది. 1961 మేలో ఒట్టావాలో మొక్క నాటుచుండగా అధ్యక్షునికి నడుము మరల పట్టినది. తెరచాటున చంకకర్రలు తిరిగి వచ్చినవి.

ఆ శరత్కాలమున హాన్స్ క్రౌస్ అను వైద్యుని పిలిపించినారు. ఆయన పర్వతారోహణమున దిట్ట. అమెరికను బాలుర కండరములు ఐరోపా బాలుర కండరములకంటె బలహీనమని పరీక్షించి చూపి, 1955లో ఐసన్‌హోవరును కలతపెట్టినవారు. ఆయన ఎముకలనుగాక కండరములను చూచినారు. అవి ఒకవంక సత్తువలేక, ఒకవంక బిగిసి ఉన్నవి. సూదులు మాని, వారమునకు మూడుమారులు, శ్వేతభవనపు ఈతకొలను ప్రక్కనున్న చిన్న వ్యాయామశాలలో కసరత్తు చేయవలెనన్నారు. రోగి తానే చేసికొనవలసిన చికిత్స ఇది. అందుచేతనే దీనికి గిరాకి తక్కువ. 1962 వచ్చుసరికి అధ్యక్షుడు తెరపిన పడినారు. నాలుగుమారులు కత్తికి ఒగ్గిన నడుమునకు (1957లో చీముగడ్డ తీసిన కోతతో కలిపి నాలుగు) ఇంత ఊరట ఇంతకుముందు దొరకలేదు.

ఇట్లని కత్తి ఎన్నడును కూడదనుట తప్పు. మూత్రము బిగిసినను, తొడలనడుమ స్పర్శ తప్పినను, పాదము వాలిపోవుచున్నను ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను. తక్కిన సందర్భములలో తొందర ఎంత అవసరమో 2007లో వెలువడిన హాలెండు పరిశోధన తెలుపుచున్నది. డిస్క్ జారి కాలిలోనికి తీవ్రముగా నొప్పి దిగుచున్న 283 మందిలో కొందరికి వెంటనే కోత పెట్టినారు, తక్కినవారిని వేచియుండుమన్నారు. కోత పెట్టించుకొన్నవారికి నొప్పి త్వరగా తగ్గినది. వేచినవారిలో నూటికి 39 మంది తుదకు కత్తికి తలయొగ్గినారు. మిగిలినవారికి ఆ అవసరమే రాలేదు. ఏడాది తిరుగునప్పటికి రెండు పక్షములందును నూటికి 95 మంది కోలుకొన్నారు. కాబట్టి రోగి తనను తాను అడుగవలసినది కొన్ని నెలలు ఓర్వగలనా యని. మగ్గపు గుంటలో కూర్చుండక పూటగడువని నేతగానికిని, జీతముతో సెలవు దొరకు ఉద్యోగికిని ఇందుకు జవాబు ఒకటి కాజాలదు.

ఎం.ఆర్.ఐ. చిత్రమున డిస్క్ అరిగినదని చూచి దిగులుపడువారు ఎందరో. నొప్పి ఏమియులేని 3,110 మంది చిత్రములను గూర్చిన పరిశోధనలను 2015లో కలిపి చూడగా, 20 ఏండ్లవారిలోనే నూటికి 37 మందికి, 80 ఏండ్లవారిలో 96 మందికి అట్టి అరుగుదల కనిపించినది. తల నెరయుటవంటిదే అదియును. దీర్ఘకాలపు నడుమునొప్పికి ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 డిసెంబరులో చేసిన సూచనలలో వ్యాయామమునకు చోటున్నది. నడుము పట్టీలను సాధారణముగా వాడవలదని ఉన్నది.

కెన్నెడీ పట్టీని పూర్తిగా విడువలేకపోయినారు. 1963 నవంబరు 22న డల్లాసులో తెరచిన కారులో కూర్చున్నప్పుడు, చొక్కా క్రింద నడుమును బిగించిన పట్టీయు, దానిపై సాగెడు గుడ్డచుట్టయు ఉన్నవి. మొదటి గుండు తగిలినపుడు ఆయన ముందుకు ఒరగిపోకుండ నిలిపినది ఆ కట్టేయని కొందరు వైద్యులు తలచుచున్నారు.