మోకాలు వంగనివారి నమాజు
(ప్రసంగ పాఠము)

కొంతకాలము క్రిందట మా కేంద్రమునకు ఒక కార్డు వచ్చినది. వ్రాసినవారు ఇస్లాము మతమును స్వీకరించి ఎనిమిది మాసములైనదట. అంతకు రెండేండ్ల ముందు ఒక లారీ ప్రమాదములో కుడి మోకాలి చిప్ప పగిలినది. శస్త్రచికిత్స జరిగినది, ప్రాణము దక్కినది గాని కాలు వంగుట మానినది. “నిలువగలను, నడుము వంచగలను. నేలపై నుదురు ఆనించలేను. నా వారిని నొప్పించి ఈ గడప దాటి వచ్చినాను. వచ్చిన తరువాత వాకిటనే నిలిచిపోయినట్లున్నది. నా నమాజు లెక్కకు వచ్చునా, రాదా?” ఇది ఆయన ప్రశ్న.

శ్రోతల ఉత్తరములకు జవాబులిచ్చు కార్యక్రమములో దీనికి రెండు మాటలలో బదులు చెప్పవచ్చును. “వచ్చును” అన్న చాలును. కాని ఎందువలన వచ్చునో, ఏవిధముగా చేసిన వచ్చునో తెలియనిదే ఆ రెండు మాటలు ఆయనకు ధైర్యమునీయవు. మతధర్మములలో తీర్పు చెప్పు అధికారము నాకు లేదు. గ్రంథములలో చదివినదియు, తెలిసిన మౌల్వీలను అడిగి గ్రహించినదియు మాత్రమే ఇచ్చట విన్నవించుచున్నాను.

నమాజు కేవలము నోటితో చేయు ప్రార్థన కాదు. అది శరీరమంతటితో చేయు ప్రార్థన. నిలుచుట ఖియామ్. నడుము వంచి చేతులు మోకాళ్లపై ఉంచుట రుకూ. నుదురు, ముక్కు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదముల వ్రేళ్లు నేలను తాకునట్లు సాష్టాంగపడుట సజ్దా. చివర మోకాళ్లు మడిచి కూర్చుండుట ఖాయిదా. ఒక నిలుచుట, ఒక రుకూ, రెండు సజ్దాలు చేరిన ఒక రకాతు. తెల్లవారుజామున ఫజర్, మధ్యాహ్నము జొహర్, సాయంకాలము అసర్, ప్రొద్దు గ్రుంకగానే మగ్రిబ్, రాత్రి ఇషా అను అయిదు పూటలలో విధిగా చేయవలసిన రకాతులు వరుసగా 2, 4, 4, 3, 4; మొత్తము 17. మన ప్రాంతములో ఎక్కువమంది అనుసరించు హనఫీ సంప్రదాయము ప్రకారము వీనికి తోడు గట్టిగా పాటించు సున్నతులు 12 రకాతులు, రాత్రి విత్ర్ 3 రకాతులు ఉన్నవి. అన్నియు కలిపి లెక్కించిన దినమునకు 32 రకాతులు, 64 సజ్దాలు. ఆరోగ్యముగా ఉన్న మోకాలికి ఇది మంచి వ్యాయామమే. విరిగి అతికిన మోకాలికి ఇది ప్రతిదిన పరీక్ష.

పుట్టుకతో ముస్లిము అయినవాడు అయిదారేండ్ల ప్రాయముననే తండ్రి ప్రక్కన నిలిచి ఆటవలె ఈ కదలికలు నేర్చుకొనును. వయసు మీరి మతము పుచ్చుకొన్నవానికి ఆ అవకాశము లేదు. ఈ ఇబ్బందిని దాచకుండ వ్రాసిన ప్రసిద్ధులలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఒకడు. 1964 ఏప్రిలులో ఆయన హజ్ యాత్రకై జెద్దా చేరినాడు. అప్పటికి వయసు 38 ఏండ్లు. అనేక సంవత్సరములు ముస్లిము సంస్థ ఒకదానికి ప్రచారకుడుగా వేలమందికి ఉపన్యాసములిచ్చినవాడే; అయినను విధిపూర్వకమైన నమాజు ఆయనకు తెలియదు. జెద్దాలో మార్గదర్శి ఒకరు ఎట్లు కూర్చుండవలెనో చేసి చూపగా, ఎంత ప్రయత్నించినను ఆయన చీలమండలు లొంగలేదు. కుర్చీలలో కూర్చుండుట మరగిన పాశ్చాత్యుల కాళ్లు, చిన్ననాటినుండి నేలపై గొంతుక కూర్చున్నవారి కాళ్లవలె మడతపడవని ఆయన 1965లో వెలువడిన తన ఆత్మకథలో ఒప్పుకొన్నాడు. ఆ పుస్తకములోనే అంతకు ముందు మరియొక సంగతి ఉన్నది. జైలులో ఉండగా మొదటిసారి ప్రార్థనకై మోకరిల్లుటకు ఆయనకు ఒక వారము పట్టినదట. అప్పుడు అడ్డు వచ్చినది ఎముక కాదు, అభిమానము. ఈ రెండు కష్టములు ఒకటి కావు. మొదటిదానికి శాస్త్రము దారి చూపినది. రెండవదానికి ఎవరికి వారే దారి వెదకుకొనవలెను.

(పీటపై కూర్చుండి భోజనము చేసిన మన తరము ఈ విషయములో కొంత అదృష్టవంతులము. భోజనపు బల్లలు వచ్చిన తరువాత మన పిల్లల మోకాళ్లు కూడ క్రమముగా అమెరికా మోకాళ్లు అగుచున్నవేమో!)

ఇక శాస్త్రము చూపిన దారి. మహమ్మదు ప్రవక్త అనుచరులలో ఇమ్రాన్ బిన్ హుసైన్ అనునాయన మూలశంకతో బాధపడుచు నమాజు సంగతి ప్రవక్తను అడిగినాడు. నిలిచి చేయుమని, అది చేతకానిచో కూర్చుండి చేయుమని, అదియు చేతకానిచో ప్రక్కపై పండుకొని చేయుమని ప్రవక్త చెప్పినట్లు బుఖారీ హదీసు సంకలనములో ఉన్నది. ఈ విషయములో తరువాతి న్యాయవేత్తలు వ్రాసిన వందల పుటలకు ఈ మూడు మెట్లే పునాది. ప్రవక్త స్వయముగా ఒకసారి గుఱ్ఱముపైనుండి పడి గాయపడినపుడు కూర్చుండియే నమాజు చేయించినాడు. చివరి జబ్బులో ఇద్దరు మనుష్యుల ఊతతో కాళ్లు ఈడ్చుచు మసీదుకు వచ్చి, అబూబకర్ ప్రక్కన కూర్చుండి నమాజు చేసినాడు. కావున కూర్చుండి చేయు నమాజు బలహీనులకై తరువాతివారు కల్పించిన రాయితీ అనుకొనరాదు. ప్రవక్తయే చేసి చూపినది.

దీనిలోని సూత్రము సులభమైనది: చేయగలిగినది విడువరాదు, చేయలేనిదానికి సైగ చాలును. సజ్దా చేయలేనివాడు కూర్చుండి, రుకూకు తల కొంచెము వంచి, సజ్దాకు అంతకంటె ఎక్కువ వంచవలెను. ఈ తేడా ముఖ్యము. రెండింటికిని ఒకే విధముగా తల ఆడించిన కుదరదు. తలగడనో చెక్కనో పైకెత్తి నుదుటికి తాకించుకొననక్కరలేదు. ఒక రోగి అట్లు చేయుచుండగా ప్రవక్త ఆ దిండును తీసివేసి, సైగ చేయుమని చెప్పినట్లు ఒక ఉల్లేఖనము ఉన్నది. కూర్చుండు భంగిమకు నిర్బంధము లేదు. అత్తహియ్యాతులో కూర్చుండునట్లు కూర్చున్న మంచిది. బాసిపట్టు వేసినను, కాలు చాచినను, ఏది సుఖమైన అది.

మన కార్డు వ్రాసినవారి స్థితి కొంత చిక్కైనది. ఆయన నిలువగలడు, సజ్దా చేయలేడు. ఇచ్చట సంప్రదాయములకు తేడా వచ్చినది. హనఫీ గ్రంథముల ప్రకారము నిలుచుట సజ్దాకు సోపానము వంటిది. సజ్దాయే సాధ్యము కానపుడు నిలుచుట విధిగా ఉండదు. మొదటినుండి చివరవరకు కూర్చుండి సైగలతో చేయవచ్చును. షాఫయీ సంప్రదాయములో ప్రతి అంగమునకు దాని విధి దానిదే. నిలువగలిగినవాడు నిలువవలెను, వంగగలిగినవాడు వంగవలెను. చేతకాని సజ్దాకు మాత్రమే సైగ. ఈ షాఫయీలు ఎక్కడో దూరదేశమువారు కారు. కేరళ తీరములోను, మన హైదరాబాదులో నిజాము కొలువునకు వచ్చిన యెమను అరబ్బుల సంతతి నివసించు బార్కస్‌లోను ఉన్నారు. హనఫీ పండితులలో సైతము కొందరు, నిలువగలిగినవాడు నిలుచుటయే మేలని చెప్పుచున్నారు. కావున మన మిత్రుడు నిలిచి ఖియామ్, రుకూ చేసి, తరువాత కుర్చీలో కూర్చుండి సజ్దాకు సైగ చేసినచో ఏ పక్షమువారును ఆక్షేపింపరు. నా బుద్ధికి ఇదే ఉత్తమముగా తోచుచున్నది. నిలుచుట వలన నొప్పి పెరిగినను, గాయము మానుట ఆలస్యమగునని వైద్యుడు చెప్పినను సంగతి వేరు. అట్టి మాట నమ్మదగిన వైద్యుడు చెప్పిన చాలును. మనిషి పడిపోవువరకు వేచియుండనక్కరలేదు.

దీనికి మరియొక ప్రక్క కూడ ఉన్నది. ఈ కాలములో మసీదులలో కుర్చీలు పెరుగుచున్నవని పెద్దలు నొచ్చుకొనుచున్నారు. నేలపై కూర్చుండి నుదురు ఆనించగలిగినవాడు సుఖము కొరకు కుర్చీ ఎక్కి సైగలు చేసిన అతని విధి నమాజు నెరవేరదు. ఐచ్ఛికమైన నఫిల్ నమాజును మాత్రము ఆరోగ్యవంతుడైనను కూర్చుండి చేయవచ్చును. కాని పుణ్యము సగమే. కారణముండి కూర్చున్న రోగికి ఆ కోత లేదు.

మంచము దిగలేనివారి సంగతి క్లుప్తముగా చెప్పెదను. హనఫీలు వెల్లకిల పండుకొని, పాదములు ఖిబ్లా వైపు ఉంచి, వీలైన మోకాళ్లు నిలిపి, తలక్రింద దిండు పెట్టి ముఖము ఖిబ్లాకు తిరుగునట్లు చేయుమందురు. ఇతరులు ఇమ్రాన్‌తో చెప్పిన మాట ప్రకారము కుడిప్రక్కపై పండుకొనుటకు ప్రాధాన్యమిత్తురు. తల కూడ కదలనిచో షాఫయీలు కనురెప్పలతో, అదియు లేనిచో మనస్సుతో చేయుమందురు. హనఫీలు అట్టి స్థితిలో నమాజును వాయిదా వేయుమందురు.

నమాజుకు ముందు నీటితో చేయు శుద్ధి వుజూ. ముఖము, మోచేతులవరకు చేతులు, చీలమండలవరకు పాదములు కడుగవలెను. తలను తడిచేతితో తుడువవలెను. కట్టు కట్టిన గాయము ఉన్నచో మిగిలిన భాగము కడిగి, కట్టుపై తడిచేయి నిమిరిన చాలును. కట్టు ఉన్నన్ని నాళ్లు ఇది చెల్లును. చేయి తెగినవాడు మిగిలిన భాగము కడుగును. మోచేయితో సహా పోయిన ఆ విధియే లేదు. నీరు తగిలిన హాని కలుగువారికి తయమ్ముమ్ ఉన్నది. శుభ్రమైన మట్టిపై అరచేతులు ఆనించి ముఖమును, చేతులను తుడుచుకొనుట. ఇది ఖుర్‌ఆన్‌లోనే చెప్పబడినది.

దీనిని గూర్చి అబూదావూదు సంకలనములో ఒక విషాద గాథ ఉన్నది. ప్రయాణములో ఒకనికి రాయి తగిలి తలకు గాయమైనది. తరువాత అతనికి స్నానము విధియైనది. తయమ్ముమ్ చేసుకొనవచ్చునా అని తోడివారిని అడిగినాడు. నీరు ఉండగా కూడదన్నారు. పాపము, వారి మాట నమ్మి స్నానము చేసి చనిపోయినాడు. ప్రవక్తకు ఈ వార్త తెలిసి, ఆ తోడివారే అతనిని చంపినారని కోపించినాడు. తెలియనపుడు తెలిసినవారిని అడుగకపోయినారే అని నిందించినాడు. క్రొత్తగా మతములో చేరినవారు ఈ గాథను జ్ఞాపకముంచుకొనుట మంచిది. ప్రక్కనున్నవాడు ఎంత దృఢముగా చెప్పినను అది శాస్త్రము కానక్కరలేదు.

క్రొత్తవారికి కాళ్లకంటె నాలుక ఎక్కువ కష్టము పెట్టును. అరబ్బీ పలుకుబడి ఒక్కనాట రాదు. ఖుర్‌ఆన్‌లో ఏమియు నేర్చుకొనలేకపోవుచున్నానని ఒకడు మొరపెట్టుకొనగా, దేవుని స్తుతించు నాలుగైదు చిన్న పదములు నేర్పి, ప్రస్తుతము ఇవి చాలునని ప్రవక్త పంపినాడట. నేర్చుకొనుట మానవలెనని దీని అర్థము కాదు. నేర్చుకొనువరకు నమాజు ఆగనక్కరలేదని. మూగవానికి పఠనము విధి కానే కాదు.

ఈ సంగతులన్నియు ఉత్తరముగా వ్రాసి ఆయనకు పంపినాను. పూర్వము సైగలతో చేసిన నమాజులను కాలు బాగుపడిన తరువాత మరల చేయనక్కరలేదని కూడ చేర్చినాను. పది దినములకు రెండవ కార్డు వచ్చినది. ఇంటిలో కుర్చీ వేసుకొని అయిదు పూటలు చేయుచున్నాడట. శుక్రవారము జుమాకు మసీదుకు వెళ్లవలెనని ఉన్నది. కుర్చీ ఎక్కడ వేసుకొనవలెను, నలుగురిలో అడ్డమగునేమో అని సంకోచము.

అడిగి తెలుసుకొన్న జవాబు ఇది. మొదటినుండి కూర్చుండి చేయువాడు కుర్చీ వెనుక కాళ్లు ప్రక్కవారి మడమల వరుసకు వచ్చునట్లు వేసుకొనవలెను. నిలిచి ప్రారంభించువాడు తానే వరుసలో నిలిచి కుర్చీని వెనుక ఉంచుకొనవలెను. అప్పుడు అది వెనుకవాని సజ్దా చోటు ఆక్రమించును గనుక వరుస కొసన, గోడ ప్రక్కన నిలుచుట మేలు. కొంచెము ముందుగా వెళ్లి ఇమాముతో ఒక మాట చెప్పిన ఆ చోటు ఆయనే చూపును. మడతకుర్చీ కంటె చేతులు లేని చెక్క కుర్చీ కదలక నిలుచును.