ఎండ వేడిమి – గింజలోని పిండి

గోధుమలను చేటలో పోసి చూచినప్పుడు కొన్ని గింజలు నిండుగను, కొన్ని ముడుతలు పడి సన్నముగను కనబడును. విత్తనమొకటే, నేలయొకటే అయినను ఈ భేదమేల కలుగును? గింజ పాలుపోసుకొను దినములలో కాయు తీవ్రమైన ఎండ దీనికొక ముఖ్యకారణము.

గోధుమ గింజ బరువులో సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. ఆకులు సూర్యకాంతి సహాయమున చక్కెరను తయారుచేసి గింజకు పంపును. గింజలోని ఎంజైములు ఆ చక్కెరను గొలుసులుగా కూర్చి, పిండి రేణువులుగా మార్చును. ఈ గొలుసులను పొడిగించు ఎంజైమునకు స్టార్చ్ సింథేజు అని పేరు. గోధుమలో ఇది 20–25 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద చురుకుగా పనిచేయును. అంతకు మించిన వేడి కొనసాగినచో దీని శక్తి క్షీణించును. అప్పుడు చక్కెర గింజను చేరినను పిండిగా మారజాలదు. పైరు త్వరగా పండిపోవుటచే గింజ నిండు దినములు కూడ తగ్గును.

2022 మార్చి నెలలో ఇట్లే జరిగినది. 1901 నుండి అప్పటివరకు గడచిన మార్చి నెలలలో, పగటి ఉష్ణోగ్రతల సగటును బట్టి, దేశమున అదియే మిక్కిలి వేడియైనది. పంజాబు, హర్యానాలలో గోధుమ గింజ ముడుచుకొనెను. కొనుగోలులో అట్టి గింజలకున్న పరిమితిని కేంద్ర ప్రభుత్వము నూటికి 6 నుండి 18 వరకు సడలింపవలసి వచ్చెను. మే 13వ తేదీన గోధుమ ఎగుమతులను నిషేధించెను.

వరికిని ఈ బాధ కలదు. గింజ ముదురు కాలమున వేడి హెచ్చినచో పిండి రేణువులు వదులుగా పేరుకొని, బియ్యమున సున్నమువంటి తెల్లని మచ్చ ఏర్పడును. అట్టి బియ్యము మరలో సులభముగా విరిగి నూకయగును. తెలంగాణములో యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యముగా మార్చుటకు నూక బెడదయే ప్రధానకారణము. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు లోని పిండి మెత్తబడి అతుకుకొనును. ఆరిన పిదప గింజ గట్టిపడును.

బాగుగా ఎండి, బూజు పట్టని ముడుత గింజలను తినుటవలన హాని లేదు. నష్టమంతయు పరిమాణములోనే. బస్తాలు తగ్గినచో రైతుకు రాబడియు, పేదవాని కంచములో అన్నమును తగ్గును. కావున గోధుమను నవంబరు మొదటి పక్షములోనే విత్తుట, వేడిగాలులు వీచునప్పుడు తేలికపాటి తడి ఇచ్చుట, వేడిని తట్టుకొను వంగడములను ఎన్నుకొనుట మేలు. గింజ నిండు ఆ కొద్ది దినములను కాపాడుట ఇంటిల్లిపాది ఆహారమును కాపాడుటయే.