కొత్త కూర్పు కావాలని అడిగే ముందు

శాసనాల మీద పనిచేసే మన విద్యార్థులకు కంప్యూటరు తెరమీద తరచు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. తొలి తెలుగు శాసనాల్లో ‘ఴ’ అనే అక్షరం కనిపిస్తుంది. తరవాతి తెలుగులో చాలాచోట్ల దాని స్థానంలోకి డకారం వచ్చింది. చోఴ శబ్దం చోడ అయింది. తమిళనాట చదువుకొంటున్నవారికి ఈ ధ్వని రోజూ వినేదే. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే చోటు దొరికినా ఈ అక్షరం చేరింది 2014లో, నకారపొల్లు చేరింది 2021లో. అంతకు ముందే రూపొంది, ఆ తరవాత ఎవరూ సవరించని ఫాంటుతో చూస్తే అక్షరం ఉండవలసిన చోట ఖాళీ గడి కనిపిస్తుంది.

అప్పుడు ‘కొత్త కూర్పు ఇప్పించండి’ అని ఎవరికో ఒకరికి రాయాలనిపిస్తుంది. ఎవరికి రాయాలి, ఎట్లా రాయాలి అన్నది ఇక్కడ కొంత వివరిస్తాము. ఉదాహరణగా డెబియన్‌ను తీసుకొంటాము.

ఇయన్ మర్డాక్ 1993 ఆగస్టులో ప్రారంభించిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంకలనంలో వేలాది ప్యాకేజీలున్నాయి. లోహిత్ తెలుగు ఒక ప్యాకేజీ; పోతన, వేమన ఫాంట్లున్నది మరొకటి. ప్రతి ప్యాకేజీకి ఒక నిర్వాహకుడో, నిర్వాహక బృందమో ఉంటుంది. వీరిలో ఎక్కువమంది జీతం లేకుండా, తమ తీరిక వేళల్లో పనిచేసేవారు. నిర్వాహకుడు వేరు, ఫాంటు కర్త వేరు. అక్షరాలు గీసేది కర్త. దాని లైసెన్సు పరిశీలించి, డెబియన్‌లో ఇమిడేట్టు చేసేది నిర్వాహకుడు. అచ్చుప్రతిలో పద్యం తప్పిపోతే గ్రంథాలయాధికారిని తప్పుపట్టము గదా. కనుక ‘ఴ’ రూపం అసలు ఫాంటులోనే లేకపోతే విన్నపం కర్తకు వెళ్లాలి. కర్త కొత్త కూర్పు విడుదల చేసి, అది డెబియన్‌కు రాకపోయినప్పుడే నిర్వాహకుణ్ణి అడగాలి. వచ్చే విన్నపాల్లో చాలా భాగం ఈ భేదం తెలియక దారితప్పినవే అని మా అభిప్రాయం.

కొత్త కూర్పు వెలువడిన మరునాడే తెలియజేయడం వల్ల కూడా ప్రయోజనం తక్కువ. ఆ సంగతి కనిపెట్టే ఏర్పాటు చాలా ప్యాకేజీల్లో ముందే ఉంటుంది. అంతకంటె, ఇదే విషయం మరొకరు రాశారేమో పాత విన్నపాల జాబితాలో చూడటం మేలు. లేకపోతే ఒక విన్నపంలో ఒకే విషయం రాయాలి: మీ దగ్గర ఉన్న కూర్పు ఏది, కావలసింది ఏది, దానివల్ల ఏ అక్షరం సరిగా కనబడుతుంది. తెర చిత్రం జతచేస్తే తెలుగు రాని నిర్వాహకుడికీ విషయం బోధపడుతుంది. కొత్త కూర్పు కోసం చేసే విన్నపానికి డెబియన్‌లో ‘కోరిక’ స్థాయి ఉంది. దాన్ని ‘తీవ్రమైన లోపం’ అని గుర్తించడం మర్యాద కాదు. మీ సిద్ధాంత వ్యాసం గడువు దగ్గరపడిందని రాయడమూ అంతే. అంత తొందర ఉంటే కొత్త ఫాంటును మీ సొంత ఫోల్డరులో పెట్టుకొని వాడుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు.

డెబియన్ స్థిర కూర్పు సుమారు రెండేళ్లకొకటి వస్తుంది. ఒకసారి వచ్చాక అందులో భద్రతా సవరణలూ ముఖ్యమైన దిద్దుబాట్లే తప్ప సాధారణంగా కొత్త కూర్పులు చేరవు. ఇది సోమరితనం కాదు, ఆ సంకలనం పెట్టుకొన్న నియమం.

తొందరపెట్టడం మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ఉపకరణాన్ని ఏళ్ల తరబడి ప్రధానంగా ఒకే వ్యక్తి చూసుకొంటూ వచ్చారు. పని నెమ్మదిగా సాగుతున్నదని, మరొకరికి అప్పగించమని 2022లో కొన్ని పేర్లతో ఒత్తిడి వచ్చింది. జియా టాన్ అనే పేరుతో సాయానికి వచ్చిన వ్యక్తి చేతికి క్రమంగా అధికారం దక్కింది. 2024లో వెలువడిన 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగదారి దాగి ఉంది. 5.6.1ను త్వరగా చేర్చుకొమ్మని డెబియన్‌కు విన్నపం కూడా వచ్చింది! దూరపు కంప్యూటరులోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యమెందుకవుతున్నదని ఆరాతీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ 2024 మార్చి 29న ఈ గుట్టు బయటపెట్టారు. స్థిర కూర్పులోకి అది చేరలేదు. పైన చెప్పిన నియమానికున్న విలువ ఇక్కడ తెలుస్తుంది.

జవాబు రాకపోతే కొన్ని వారాలు ఆగి ఒకసారి మృదువుగా గుర్తుచేయవచ్చు. చాలాకాలంగా పట్టించుకొనేవారు లేని ప్యాకేజీని చేపట్టదలచినవారు ముందుగా ఆ సంగతి బహిరంగంగా ప్రకటించి 21 రోజులు ఆగాలని డెబియన్‌లో పద్ధతి ఉంది. అంత పని మీవల్ల కాకపోయినా, కొత్త కూర్పును శాసన పాఠాలతో పరీక్షించి ఏ అక్షరం ఎట్లా కనిపించిందో రాసి పంపండి. తెలుగు చదవలేని నిర్వాహకుడు ఆ పరీక్ష తనంతట తాను చేయలేడు.