వంటయింటి విజ్ఞాన సర్వస్వము

కోనసీమ వంటను గూర్చి వ్రాయబూని ఐరోపా పాకగ్రంథములతో నారంభించుట కొందరికి వింతగా దోపవచ్చును. ఆ గ్రంథములలోని వంటకములు పెక్కు మన యిండ్లలో వండబడవు. కొన్ని మనలో పలువురకు నిషిద్ధములు కూడ. అయినను అవి చేతికందినచో విడువ బుద్ధి పుట్టదు. ఈ యాకర్షణకు హేతువేమి?

హేతువు రుచి గాదు, శ్రద్ధ. ఇంగ్లండున ఇసబెల్లా బీటన్ 1861లో ప్రకటించిన గృహనిర్వహణ గ్రంథమున సంభారములెన్ని, పట్టుకాలమెంత, వ్యయమెంత, ఎందరకు చాలును, ఏ ఋతువున శ్రేష్ఠము అను విషయములు వరుసగా గలవు. 1865లో, 28 ఏండ్ల ప్రాయముననే, ఆమె మరణించెను, గ్రంథము నిలిచినది. ఫ్రాన్సున ఎస్కోఫియే 1903లో వేలకొలది పాకవిధుల నొక్కచోట జేర్చెను. 1938లో మోంటాన్యే "లరూస్ గాస్ట్రొనమీక్" అను గ్రంథమును నిఘంటువువలె అక్షరక్రమమున సమకూర్చెను. వంటను వారు విద్యగా నెంచిరి.

మనకు ఈ సంప్రదాయము క్రొత్త గాదు. 12వ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసమున రాజభోజనమును వివరించెను. నలుని పేర పాకదర్పణము ప్రసిద్ధము. తెలుగున వంటపుస్తకములు నేడు లేకపోలేదు. కాని పలుచోట్ల "తగినంత" అను మాటతో సరిపుచ్చుచున్నారు. ఆ మాట తల్లికి చాలును, మనుమరాలికి చాలదు.

ఆత్రేయపురపు పూతరేకును చూడుడు. కాగిన కుండ వీపుపై, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను ఒక్కమారు లాగినంతనే రేకు తేలును. 2023లో దీనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును గాపాడును. పిండి పలుచన, కుండ కాక యెరిగిన స్త్రీల చేతివాటమును గాపాడజాలదు. లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నమిడిన డొక్కా సీతమ్మగారి (1841–1909) దానకథ యింటింట వినబడును. ఆ వంటయింటి కొలతలు వినబడవు.

కావున అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల విద్యార్థులకు మా విజ్ఞప్తి యొక్కటే. సెలవులలో అమ్మమ్మల చెంత గూర్చుండుడు. పనసపొట్టు కూరలో ఆవ యెప్పుడు గలుపవలెనో, ఎంత గలుపవలెనో, ఎక్కువైన నేమగునో అడిగి వ్రాసికొనుడు. పరుల గ్రంథమును మెచ్చుటతో మన పని తీరదు. చెప్పగల వారుండగనే మన గ్రంథమును మనము వ్రాసికొనవలయును.