పెరటి రైలు - మొదటి బండి

ఊరిపెద్దలు కూర్చుండి వినుచుండగా ఆటబొమ్మను గూర్చి ప్రసంగించుట యేమని కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వినను నాకు కోపము లేదు. నేడు మన పల్లెలలో అనేకుల బిడ్డలు అమెరికాలోను, జర్మనీలోను ఉద్యోగములు చేయుచున్నారు. సెలవులకు వచ్చునపుడు వారిలో నొకరిద్దఱు పెద్ద అట్టపెట్టె నొకదానిని మోసికొని వచ్చుట కలదు. అందులో మోచేతి పొడవుగల రైలింజను, రెండు బండిపెట్టెలు, ఇత్తడి పట్టాలు నుండును. మొదటి రెండుదినములు ఇల్లంతయు తిరునాళ్లు. మూడవనాడు బండి కదలదు. నాలుగవనాడు అది అటక యెక్కును. ఇట్లు అటక యెక్కిన రైళ్లను నేను చూచియున్నాను. అందులో నొకటి మా యింటిది. దోషము బండిది కాదు. ముందుగా తెలిసికొనవలసిన నాలుగు సంగతులు మాకు తెలియకపోవుటయే.

చిన్న రైళ్లలో పెక్కు పరిమాణములు కలవు. లోకమున హెచ్చుగా వాడుకలో నున్నవి బల్లమీద నడుచునవి. వాని పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. చీమ యడ్డము వచ్చినను ఆగునేమో యనిపించు ఆ సున్నితపు బండ్లు మన దుమ్ముకు పనికిరావు. నేను చెప్పబోవునవి పెద్దవి. వీని పట్టాల వెడల్పు 45 మిల్లీమీటర్లు. ఎండలో, మట్టిలో, పెరటి చెట్లనడుమ నడుచుటకై చేసినవి.

ఈ పద్ధతిని ఇంటింటికి తెచ్చినది జర్మనీ దేశపు నూరెంబర్గు నగరమందలి లేమన్ అను బొమ్మల కర్మాగారము. ఆ సంస్థ 1881లో బ్రాండెన్‌బర్గులో రేకుబొమ్మలు చేయుచు పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము నూరెంబర్గునకు చేరినది. అచటి రిక్టర్ సోదరులు, ఎబర్హార్డు, వుల్ఫ్‌గాంగు అనువారు, 1968లో పెరటి రైలును వెలువరించిరి. దానికి ‘లేమన్‌వారి పెద్ద రైలు’ అను అర్థము వచ్చు జర్మను పేరునుండి ఎల్. జి. బి. అను పొడిపేరు నిలిచినది. 2007లో ఈ సరకును మార్క్‌లిన్ అను మఱియొక జర్మను సంస్థ కొనుకొన్నది. ధనికులకు ఇట్టి వేడుక అంతకు పూర్వమే కలదు. గ్వాలియరు మహారాజుగారి జయవిలాస ప్రాసాదమున భోజనపు బల్లపై వెండి రైలొకటి సీసాలను మోయుచు అతిథుల ముందునుండి సాగెడిది. మనకు కావలసినది వెండిది కాదు, వర్షమునకు చెడనిది.

ఇపుడు కొంచెము లెక్క. కరణముగారి పటమును చూచినవారికి ఇది కష్టము కాదు. పటములో అంగుళము నేలపై ఇన్ని గొలుసులని యున్నట్లే, చిన్న రైలులో ఒక మిల్లీమీటరు నిజమైన రైలులో ఇన్ని మిల్లీమీటర్లని యుండును. దీనిని నిష్పత్తి యందము. పట్టాల నడిమి వెడల్పు వేఱు, నిష్పత్తి వేఱు. ఈ రెంటిని ఒకటిగా నెంచుటవలననే కొనువారు మోసపోవుచున్నారు.

లేమన్‌వారు గైకొనిన నిష్పత్తి 22.5లో ఒక వంతు. మీటరుగేజి పట్టాల వెడల్పు 1000 మిల్లీమీటర్లు. 22.5తో భాగింపుడు. 44 పైచిల్లర వచ్చును. అనగా 45 మిల్లీమీటర్ల ఈ పట్టా మీటరుగేజికి ఇంచుమించు సరియైన రూపము. ఈ సంగతి తెలిసిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతింత యని చెప్పలేను. గుంటూరునుండి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురము, నంద్యాలల మీదుగా గుంతకల్లునకు పోవు దారి మా చిన్ననాట మీటరుగేజియే. కాచిగూడనుండి దక్షిణముగా దిగు దారియు నట్టిదే. గత శతాబ్దము ముగియు కాలమునకు అవి బ్రాడుగేజిగా మాఱినవి. ఆ బండ్లను నేటి పిల్లలు చూడలేదు. బ్రాడుగేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానిని ఇదే నిష్పత్తిలో చేయవలెనన్న 74 మిల్లీమీటర్లకు పైబడిన పట్టా కావలెను. కావున పెరటిలో ఈ పట్టా పఱచినచో, అది నేటి దారికి కాక, తాతలు ఎక్కిన దారికి ప్రతిరూపమగును.

లేమన్‌వారి తొలి యింజను పేరు ష్టైంట్స్. ఆస్ట్రియా దేశమున ష్టైరియా మండలములో అదే పేరుగల చిన్న ఊరికి వేసిన పిల్లరైలు దారిపై నడచుటకై 1892లో లింట్సు నగరమున క్రౌస్ కర్మాగారమువారు నిర్మించిన నాలుగు చక్రముల యావిరియింజనునకు ఇది నమూనా. అసలు దారి వెడల్పు 760 మిల్లీమీటర్లే. శ్రీకాకుళము జిల్లా నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో వేసిన రెండడుగుల ఆఱంగుళముల దారియు దాదాపు ఇంతే. అదియు ఈ శతాబ్ది తొలి పుష్కరములో బ్రాడుగేజి యైనది. పట్టుపట్టి లెక్కించినచో ష్టైంట్స్ బొమ్మకు 34 మిల్లీమీటర్ల పట్టా చాలును. దానిని 45 మీద నడిపించుట చిన్న అబద్ధమే. అన్ని బండ్లకు ఒకే పట్టా ఉండవలెనని తయారుచేయువారు చేసికొనిన సర్దుబాటది. కంటికి అంతగా తెలియదు.

తెలియు సర్దుబాట్లును కలవు. ఇంగ్లండు, జర్మనీలలో అంతకుముందే 45 మిల్లీమీటర్ల పట్టాపై 32లో ఒక వంతు బండ్లు నడచుచుండెను; అవి ఐరోపావారి పెద్దదారికి, అనగా 1435 మిల్లీమీటర్ల దారికి, నమూనాలు. అమెరికాలో కొందఱు 29లో వంతు చేయుదురు. అచటి మూడడుగుల కొండదారులకు సరిగా నుండవలెనని మఱికొందఱు 20.3లో వంతు చేయుదురు. ఇవన్నియు ఒకే పట్టాపై నడచును. ఒకనికి ఇంజను ఒకచోట, బండిపెట్టెలు వేఱొకచోట చౌకగా దొరకినవనుకొందము. తగిలించి చూచినచో ఎద్దువెనుక మేకను కట్టినట్లుండును. ఇంజను తలుపు దూఱలేని మనిషిబొమ్మ పెట్టెకిటికీలో పట్టకపోవచ్చును. కావున విదేశమందున్న బిడ్డకు జాబు వ్రాయునపుడు ‘పెద్ద రైలు తెమ్ము’ అని వ్రాయక, ‘22.5లో వంతు’ అని అంకెతో వ్రాయుడు. పాడిపశువును కొనునపుడు చేయునంత విచారణ దీనికిని చేయదగును. ఇది చౌకవస్తువు కాదు.

మొదటి అట్టపెట్టెలో సామాన్యముగా చిన్న యింజను, రెండు మూడు నాలుగుచక్రముల బండ్లు, వంపుపట్టాలు పండ్రెండు, కరెంటు నిచ్చు పరికరము ఉండును. పండ్రెండును కలిపిన వలయమగును. దాని వ్యాసార్ధము 600 మిల్లీమీటర్లు. నాలుగడుగుల పైచిలుకు వెడల్పుగల చోటు చాలును. మనము నడవలో పఱచుకొనవచ్చును. ఇచటనే నేను పొరపడితిని. జర్మనీలోనున్న మా తమ్ముని కుమారునికి ‘పొడవైన ప్రయాణీకుల పెట్టె యొకటి కూడ తెమ్ము’ అని పురమాయించితిని. వచ్చినది. దానిని ఆ వలయముపై పెట్టగా నడుము లోపలికి, తలలు వెలుపలికి వచ్చి, తన ముందున్న బండిని ప్రక్కకు లాగి పట్టాలు దింపినది. పొడవు పెట్టెకు విశాలమైన వంపు కావలెను. అదే సంస్థవారు సుమారు 1200 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల వంపులను కూడ చేయుదురు. వానికి ఎనిమిదడుగులకు మించిన చోటు కావలెను. ఆ చోటు పెరటిలో ఉన్నదో లేదో తాడుతో కొలిచిన పిదపనే పొడవు పెట్టెలమాట తలపెట్టుడు. చోటు లేనిచో నాలుగుచక్రముల చిన్న బండ్లతోనే తృప్తిపడవచ్చును. అవి అందమునకు లోపము చేయవు.

కరెంటు సంగతి శ్రద్ధగా వినవలెను. మన యిండ్లలో 230 వోల్టులు. జర్మనీలోను అంతే. అమెరికాలో 120. అమెరికా పరికరమును మన గోడకు తగిలించినచో క్షణములో కాలిపోవును. ఒక్కొకప్పుడు మంట కూడ పుట్టును. పరికరము క్రిందిభాగమున అంకెలు అచ్చువేసి యుండును. 100 మొదలు 240 వఱకు అని యున్నచో భయము లేదు. 120 అని మాత్రమే యున్నచో పిల్లలచేతి కీయక, మన వోల్టులకు సరిపోవునది వేఱుగా సంపాదింపుడు. ఈ పరికరము ఎన్నడును పెరటిలోనికి రారాదు. నడవలో తడిలేనిచోట నుండవలెను. దానినుండి 24 వోల్టులకు మించని కరెంటును మోయు రెండు తీగలే బయటికి పోవలెను. ఒక తీగ ఒక పట్టాకు, రెండవది రెండవదానికి. ఇంజను చక్రములు రెంటినుండియు కరెంటు తీసికొని నడచును. తీగలు తారుమారు చేసినచో వెనుకకు నడచును. ఈ కారణముననే దారిని త్రిప్పి తనపైనే కలుపరాదు. ఒక పట్టా చుట్టుతిరిగి వచ్చి రెండవ పట్టాను కలిసికొనును, అంతటితో కరెంటు అడ్డగోలుగా పాఱును. అట్లు త్రిప్పుటకు వేఱు సాధనములున్నవి. మొదటి సంవత్సరము వాని జోలి వలదు. పట్టాలపై కొడవలి మఱచినను ఇదే ఫలము.

వారము పదిదినములు ఇంటిలోపలనే నడిపి, పిమ్మట పెరటికి పోవుట మంచిది. మేము ఆ ఓపిక పట్టక మొదటిదినముననే వట్టి మట్టిమీద పఱచితిమి. ఆ రాత్రి వాన కురిసినది. తెల్లవాఱునప్పటికి వలయములో ఒకవైపు అంగుళము క్రుంగి, స్లీపర్లు బురదలో మునిగియుండెను. నిజమైన రైలుదారికి కంకర యెందుకు వేయుదురో నాకు ఆనాడు బోధపడినది. కంకర బరువును పంచును, నీటిని నిలువనీయదు. పెరటిదారికిని అంతే. జానెడు వెడల్పున, బెత్తెడు లోతున కాలువ త్రవ్వి, కంకరముక్కలు దిమిసాకొట్టి నింపి, దానిపై సన్నని చిప్సు పఱచి పట్టాను కూర్చుండబెట్టవలెను. ఏటి గులకఱాళ్లు గుండ్రనివి, జాఱిపోవును. క్రషరునుండి వచ్చిన కోణములుగల ఱాతిముక్కలే పట్టు నిచ్చును. తాపీమేస్త్రీ రసమట్టమును తెచ్చి నిలువుగాను అడ్డముగాను చూడవలెను. ఎత్తుపల్లములు తప్పనిచో నూఱడుగులకు రెండడుగుల కంటె మించనీయవలదు. వంపులో ఎక్కుడు అసలే వలదు. చెట్టుమొదలు ప్రక్కన వేయకుడు, వేళ్లు ఎత్తివేయును. ఎండకాలమునకు కొంత సందు విడువవలెను. పదిమీటర్ల ఇత్తడి పట్టా ముప్పది డిగ్రీల వేడి హెచ్చినచో సుమారు ఆఱు మిల్లీమీటర్లు పెరుగును. చలికాలపు ఉదయమున బిగించి మేకులు కొట్టిన దారి వైశాఖమున పాములాగున వంగును.

ఇక మూడవనాడు బండి కదలకపోవుటకు కారణము. ఇత్తడి గాలికి, తడికి మసకబాఱును. ఆ మసక కరెంటును పోనీయదు. మా యింటివారు బిందెలకువలె చింతపండు వేసి తోమిరి. సాయంకాలమునకు పట్టాలు బంగారమువలె మెఱసినవి. పులుపు సందులలో మిగిలినందున రెండుదినములలో మునుపటికంటె నల్లబడినవి. తోమవలసినది పైయంచు మాత్రమే. దానికై అమ్ము మెత్తని దిమ్మ యొకటి కలదు. గరుకు కాగితముతో గీయరాదు. గీతలలో మురికి నిలుచును. వారమునకొకసారి పదినిమిషముల పని. ఇదియు విసుగైనవారు ఇంజనులోనో వెనుకబండిలోనో బ్యాటరీని పెట్టి, చేతిలోని చిన్న పరికరముతో దూరమునుండియే నడపుదురు. అపుడు పట్టాలు బరువును మోయుటకే. మసకతో పని లేదు. మన వానలకు, దుమ్మునకు ఇదియే మేలని నా యభిప్రాయము. నిజముగా నీరు కాచి ఆవిరితో నడుపు చిన్న యింజనులు కూడ కలవు. చూడ ముచ్చటైనవి, కాని మంటయు ఒత్తిడియు గలవి. మొదటి బండిగా వానిని పిల్లలున్న యింటికి తేవలదు. రాత్రి పట్టాలు బయట ఉండవచ్చును గాని ఇంజను ఇంటిలోనికి రావలెను.

నడుపుటలో పిల్లలు చేయు తప్పొకటే, మీటను చివఱంట త్రిప్పుట. మా చిన్నవాడు వలయమును మూడు సెకండ్లలో చుట్టించెడివాడు. వలయము చుట్టుకొలత 3.77 మీటర్లు. దానిని 22.5తో గుణించి లెక్కింపగా అది గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగము. ఆ బుల్లి యింజను తల్లికికూడ తెలియని వేగము. బండి పట్టాలు తప్పి తులసికోటను తాఁకెను. మా అన్నగారు వినుకొండ దారిన చాలయేండ్లు తిరిగినవారు. వాలుకుర్చీలోనుండి లేచివచ్చి, ఒరేయ్ ఇటు తెమ్మని మీటను తీసికొని, మెల్లగా వెనుకకు త్రిప్పుచు, చుట్టునకు పది సెకండ్లు పట్టునంతవఱకు తగ్గించిరి. లెక్కకు అది గంటకు ముప్పది కిలోమీటర్లు. ‘ఇపుడు ఇది మా బండి’ అనిరి. పిల్లవాడు ప్రక్కన కూర్చుండి, దొనకొండలో ఎంతసేపు ఆగెడిదని అడుగసాగెను.